జ్ఞాపకానికి వెల కట్టవచ్చునా?



కొంతకాలం క్రితం ఒక ఆదివారం పూజ ముగిసిన తరువాత గుడి మెట్ల దగ్గర ఒక పెద్దావిడ నన్ను ఆపింది. డెబ్బయ్యయిదేళ్లు దాటిన మనిషి. భర్త సైన్యంలో పనిచేశాడు. 1971 యుద్ధంలో ఉన్నాడు. పెన్షనుతో ఇంటికి వచ్చి, చాలాకాలం వ్యవసాయం చేసుకొని, పదేళ్ల క్రితం కన్నుమూశాడు. ఆమె చేతిసంచిలోనుంచి ఒక పాత వాటర్ బాటిల్ తీసి నా చేతిలో పెట్టింది.

“ఇది అమ్మితే పాపమాండీ మాస్టారూ?” అని అడిగింది.

సీసాను అటూ ఇటూ తిప్పి చూశాను. సొట్టలు పడింది. పైనుండవలసిన ఖాకీ తొడుగు లేదు. రేకు మీద ఎవరో చేత్తో ఎర్ర రంగు తామరపువ్వు వేశారు. దాని కింద ఒక నంబరు, ఆ కింద 1971 అనే అంకెలు. పువ్వు చుట్టూ తెల్ల రంగుతో తీగలాగా ఏవో గీతలు. పట్నంలో పాతవస్తువులు కొనే వ్యక్తి ఒకడు దీనిని చూసి ఎనిమిదివేలు ఇస్తానన్నాడట. మిలిటరీవాళ్లు స్వయంగా రంగులు వేసుకొన్న వస్తువులకు గిరాకీ ఉందని చెప్పాడట. ఇంట్లో మనుమరాలి నర్సింగు చదువుకు ఫీజు కట్టవలసి ఉంది. చిన్నకొడుకు ఆటో నడుపుతాడు, అమ్మేద్దామంటాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న పెద్దకొడుకు ఫోనులో కేకలు వేశాడట, “నాన్న గుర్తును అమ్ముకు తినేంత గతిలేక ఉన్నామా?” అని. “ఇన్నాళ్లూ అటక మీద తుప్పు పడుతుంటే గుర్తురాని నాన్న ఇప్పుడు గుర్తొచ్చాడా?” అని తమ్ముడి జవాబు.

వారం రోజుల్లో ఆలోచించి చెబుతానన్నాను. ఆ వారంలో ఆలోచించినది, ఆ తరువాత జరిగినది మీ ముందు పెడుతున్నాను. ఎందుకంటే ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. తాతగారి చేతిగడియారం, అమ్మ కాసుల పేరు, నాయనమ్మ జపమాల, ఇలాంటిదేదో ఒకటి మన ప్రతి ఇంటిలోను ఉంటుంది. ఏదో ఒకరోజు అది అవసరానికి, అభిమానానికి మధ్య నిలబడుతుంది.

ఒకే కాంటీన్ నీళ్లు

మన ప్రాంతంలో ‘కాంటీన్’ అనగానే కాఫీ హోటలో, మిలిటరీవాళ్లకు సరుకులు చవకగా దొరికే దుకాణమో గుర్తుకు వస్తుంది. కాని ఇంగ్లీషువారి సైనిక పరిభాషలో సిపాయి నడుముకు వేలాడే నీళ్లసీసాను కూడ కాంటీన్ అనే అంటారు. ఈ సీసాలకు రంగులు వేసి జ్ఞాపకంగా దాచుకోవడం అమెరికాలో ఒక పెద్ద ఆచారంగా ఉండేది. అది వారి అంతర్యుద్ధంతో, అంటే 1861 నుండి 1865 వరకు ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధంతో ముడిపడిన కథ. ఆ నాలుగేళ్లలో ఆరు లక్షలమందికి పైగా చనిపోయారు.

ఉత్తరాది సైనికునికి ఇచ్చిన కాంటీన్ చాలా సాదా వస్తువు. లోతు తక్కువగా ఉన్న రెండు తగరపు పళ్లేలను ఎదురెదురుగా పెట్టి అంచు అతికితే ఎలా ఉంటుందో అలా ఉండేది. పైన ఉన్ని గుడ్డ, మూతికి గొలుసుతో బెండు బిరడా, భుజానికి వేసుకోవడానికి పట్టీ. అతుకు ఊడిపోతే సిపాయిలు దానిని పారవేసేవారు కాదు. రెండు సగాలుగా విడదీసి, ఒక సగాన్ని పెనంగా వాడుకొనేవారు, అందులోనే తినేవారు, అవసరమైతే దానితోనే మన్ను తవ్వుకొనేవారు.

యుద్ధం ముగిసిన తరువాత 1866లో ఉత్తరాది మాజీ సైనికులు ‘గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్’ అనే సంఘం పెట్టుకొన్నారు. 1890 నాటికి అందులో నాలుగు లక్షలమందికి పైగా సభ్యులున్నారు. ఏటా ఒక నగరంలో కలుసుకొనేవారు. చాలామంది తమ పాత కాంటీన్ల మీద గుడ్డ తీసివేసి, తమ దళం చిహ్నాన్ని, జెండాను, తాము పోరాడిన యుద్ధాల పేర్లను రంగులతో వేయించి ఇంటి గోడకు తగిలించుకొన్నారు. ఆ సమావేశాలలో చిన్నచిన్న కాంటీన్ బొమ్మలను తగరంతో, పింగాణీతో చేసి అమ్మేవారు. ఒకే కాంటీన్ నీళ్లు తాగినవాళ్లం మనం అనే భావంతో ఛార్లెస్ హాల్పిన్ అనే కవి రాసిన పాట వారికి స్నేహగీతమైంది. ఆ కవి కూడ ఆ యుద్ధంలో పనిచేసినవాడే.

ఆ సంఘంలోని చివరి సభ్యుడు 1956లో మరణించాడు. దానితో సంఘం మూతపడింది. వారి కాంటీన్లు మాత్రం మిగిలాయి. కొన్ని మ్యూజియములకు చేరాయి, కొన్ని వేలంపాటలకు. మనుమలు, మునిమనుమలు అమ్మారు. కొనేవారు కొన్నారు. ఇప్పుడు ఆ పెద్దావిడ ప్రశ్నకు వద్దాము. వారు చేసినది తప్పా?

తండ్రి ఉంగరం

ఈ ప్రశ్న కొత్తది కాదు. అయిదవ శతాబ్దం మొదట్లో పునీత అగస్తీనుగారు తన ‘దైవనగరం’ గ్రంథంలో చనిపోయినవారి దేహాలను గురించి రాస్తూ ఒక ఇంటి ఉదాహరణ ఇచ్చారు. తండ్రి ధరించిన వస్త్రమో, ఉంగరమో బిడ్డలకు ఎంతో ప్రియమైనదిగా ఉంటుంది. తండ్రి మీద ప్రేమ ఎంత ఎక్కువైతే ఆ వస్తువు అంత విలువైనదవుతుంది. అటువంటప్పుడు ఆ తండ్రి దేహాన్ని ఇంకెంత గౌరవించాలి అని ఆయన వాదన. పదమూడవ శతాబ్దంలో పునీత తోమాస్ అక్వినాస్‌గారు పునీతుల అవశేషాలను గౌరవించడం ఎందుకు సబబో వివరిస్తూ ఈ మాటనే ఆధారం చేసుకొన్నారు.

ఇందులో ఒక విషయం గమనించండి. ఉంగరానికి బంగారం వలన ఒక విలువ ఉంది. తండ్రి వలన మరొక విలువ ఉంది. మొదటిది తూకానికి అందుతుంది, ఎవరి చేతిలోనైనా అంతే ఉంటుంది. రెండవది తండ్రిని ఎరిగినవారి చేతిలో మాత్రమే ఉంటుంది. బజారులో అమ్మినప్పుడు మనకు మొదటి విలువకే డబ్బు ముడుతుంది. రెండవ విలువను కొన్నవాడు తీసుకుపోలేడు, అతనికి మన తండ్రి తెలియడు గనుక. కాబట్టి జ్ఞాపకాన్ని నిజానికి ఎవరూ అమ్మలేరు. దానిని పోగొట్టుకోగలరు, అంతే.

శ్రీసభ చట్టం 1190వ సూత్రం పవిత్ర అవశేషాలను అమ్మడాన్ని పూర్తిగా నిషేధిస్తుంది. కాని సిపాయి నీళ్లసీసా పవిత్ర అవశేషం కాదు. దానిని అమ్మడమే పాపం అని చెప్పడానికి మనకు ఆధారం లేదు. అమెరికా చట్టం కూడ అత్యున్నత శౌర్యపతకమైన ‘మెడల్ ఆఫ్ ఆనర్’ అమ్మకాన్ని నిషేధించింది గాని, సైనికుని ప్రతి వస్తువునూ కాదు. ఆకలితో ఉన్న బిడ్డకు అన్నం పెట్టడానికి తండ్రి ఉంగరం అమ్మిన తల్లిని ఎవరు తప్పుపట్టగలరు? ఆ తండ్రే బ్రతికి ఉంటే తానే తీసి ఇచ్చేవాడు గదా! వస్తువును కాపాడి మనిషిని పస్తు ఉంచేది భక్తి అనిపించుకోదు.

ఇక్కడ పెద్దకొడుకు వంటివారికి ఒక మాట చెప్పాలి. “అమ్మవద్దు” అనడం తేలిక. ఆ మాటకు అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూసుకోవాలి. నాన్న గుర్తును నిలబెట్టాలనే గౌరవం అన్నది, ఫీజు కట్టలేని బాధ తమ్ముడిది అయితే, ఆ గౌరవం తమ్ముడి జేబులోనుంచి తీసినదే అవుతుంది.

పారబోసిన నీళ్లు

అయితే అమ్మడం పాపం కాదు గనుక ఆలోచించవలసినదేమీ లేదని కూడ అనలేము. సమూవేలు రెండవ గ్రంథం 23వ అధ్యాయంలోని సంఘటన మీకు తెలుసు. దావీదు అదుల్లాము గుహలో ఉన్నాడు. అతని సొంత ఊరు బేత్లెహేము ఫిలిస్తీయుల చేతిలో ఉంది. ఊరి ద్వారం దగ్గరి బావినీళ్లు తాగాలని అతనికి మనసయింది. ముగ్గురు వీరులు శత్రువుల దండును చీల్చుకొని వెళ్లి ఆ నీళ్లు తోడి తెచ్చారు. దావీదు తాగలేదు. ప్రాణాలకు తెగించి వెళ్లినవారి రక్తంతో సమానమైన నీళ్లు అవి అని, ప్రభువు ముందు పారబోశాడు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు, అంత కష్టపడి తెచ్చిన నీళ్లను వృథా చేశాడేమిటి అనుకొనేవాడిని. పెద్దయ్యాక అర్థమయింది. ఆ నీళ్లను దావీదు వృథా చేయలేదు. తనవి కావని ఒప్పుకొన్నాడు. తన ఎదుట ఉన్నదల్లా తన సంతోషానికే అనుకొనే రాజులలో అతడు ఆ రోజు చేరలేదు.

నీళ్లు పారబోసిన సైనికుని కథకు తోడుగా, నీళ్లు పోసిన సైనికుని కథ ఒకటి ఉంది. 1862 డిసెంబరు 13న అమెరికాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్ వద్ద ఉత్తరాది సైన్యం ఒక రాతిగోడ మీదికి మళ్లీమళ్లీ దాడి చేసి చిత్తుగా ఓడింది. గాయపడినవారు రాత్రంతా చలిలో, గోడ ముందున్న మైదానంలో నీళ్లకోసం అరుస్తూ పడి ఉన్నారు. మరునాడు గోడకు ఇవతలనున్న దక్షిణాది సార్జెంటు రిచర్డ్ కర్క్‌ల్యాండ్ ఆ అరుపులు వినలేక, తన అధికారి అనుమతి అడిగి, కాంటీన్లు నింపుకొని గోడ దూకి వెళ్లి శత్రు సైనికులకు నీళ్లు పట్టాడని ఆ అధికారి కెర్షా 1880లో రాశాడు. వివరాల మీద కొందరు చరిత్రకారులకు సందేహాలున్నాయి. కర్క్‌ల్యాండ్ మాత్రం మరుసటి ఏడాది చికమాగా యుద్ధంలో చనిపోయాడు. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో 1965లో నిలబెట్టిన కంచు విగ్రహంలో అతడు గాయపడినవాని పెదవులకు కాంటీన్ అందిస్తూ కనబడతాడు.

విగ్రహాలు, పాటలు, రంగుల కాంటీన్లు మంచివే. కాని వాటి వెనుక ఒక చేదు నిజం కూడ ఉంది. ఆ యుద్ధంలో ఉత్తరాది పక్షాన దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పనిచేశారు. యుద్ధం ముగిసి వందేళ్లు కావస్తున్నా, దక్షిణాది రాష్ట్రాలలో తెల్లవారికి ఒక మంచినీళ్ల కుళాయి, నల్లవారికి వేరొక కుళాయి ఉండేవి. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చేదాకా ఆ పద్ధతి సాగింది. ఒకే కాంటీన్ నీళ్లు తాగామని పాడుకొన్న దేశంలోనే అలా జరిగింది. మనము వారిని వేలెత్తి చూపనక్కరలేదు. టీ కొట్టులో కొందరికి వేరే గ్లాసు పెట్టిన పల్లెలు మనవి కూడ. కాంటీన్‌ను అద్దాల బీరువాలో పెట్టి, అది నేర్పిన పాఠాన్ని గడప బయట పెడితే ఏమి లాభం? జ్ఞాపకవస్తువును పోగొట్టుకోవడానికి అమ్మడం ఒక్కటే మార్గం కాదు. అర్థం మరచిపోయి దాచుకోవడం కూడ పోగొట్టుకోవడమే.

కొనేవాడి ధర్మం

కొనేవారి సంగతి కూడ న్యాయంగా చూడాలి. పాతవస్తువులు సేకరించేవారందరూ దురాశాపరులు కారు. వారసులకు అక్కరలేక పాత ఇనుములోకి పోవలసిన ఎన్నో వస్తువులను అటువంటివారే కాపాడారు. వస్తువుతోబాటు దాని యజమాని పేరు, దళం, ఊరు రాసిపెట్టి భద్రపరచేవాడు ఒకవిధంగా ఆ సైనికునికి మేలు చేస్తున్నాడు. పేరు చెరిపి ధర మాత్రమే చూసేవాడు అతనిని రెండవసారి చంపుతున్నాడు.

అంతకంటె హీనమైనది నకిలీ వ్యాపారం. పాత కాంటీన్ నిజమైనదే అయినా, ఖరీదు పెరగడానికి దానిమీద కొత్తగా దళం చిహ్నాలు, యుద్ధాల పేర్లు రాసి అమ్మేవారున్నారని అంతర్యుద్ధపు వస్తువులను సేకరించేవారు జాగ్రత్తగా ఉంటారు. వియత్నాం యుద్ధంలో అమెరికన్ సైనికులు తమ లైటర్ల మీద మాటలు చెక్కించుకొన్నారు. అటువంటి మాటలే చెక్కిన నకిలీ లైటర్లను తరువాత అక్కడి బజారులలో యాత్రికులకు లెక్కలేనన్ని అమ్మారు. ఇది మామూలు కల్తీ కాదు. పాలలో నీళ్లు కలిపినవాడు పాలను మోసం చేస్తాడు. ఇతడు ఎవరూ పడని బాధను సృష్టించి, నిజంగా బాధపడినవారి వాటాను కాజేస్తాడు.

ఇంకొక రకం వస్తువులున్నాయి. చనిపోయిన శత్రువు దగ్గరనుండి తీసుకొన్నవి. రెండవ ప్రపంచయుద్ధంలో జపాను సైనికులు ఊరివారు, బంధువులు సంతకాలు చేసి ఇచ్చిన జెండాలను వెంట తీసుకొని యుద్ధానికి వెళ్లేవారు. అమెరికన్ సైనికులు వాటిని విజయచిహ్నాలుగా ఇళ్లకు తెచ్చుకొన్నారు. 1944లో సైపాన్ దీవిలో ఒక మృతదేహం మీదనుండి అటువంటి జెండా తీసుకొన్న ఒక అమెరికన్, 2017 ఆగస్టులో, తన 93వ ఏట, స్వయంగా జపాను వెళ్లి ఆ సైనికుని తోబుట్టువులకు దానిని అప్పగించాడు. డెబ్బయిమూడేళ్లు అది అతని ఇంటిలోనే ఉంది. అయినా తనది కాదని అతనికి తెలుసు.

ఎవరి సీసా?

ఈ సంగతి తలచుకొంటుంటేనే నాకొక అనుమానం వచ్చింది. మరుసటి ఆదివారం ఆ పెద్దావిడను భర్త పెన్షను పుస్తకం తెమ్మన్నాను. సీసా మీది నంబరు, పుస్తకంలోని నంబరు ఒకటి కాదు. మన విచారణలోని కాన్వెంటులో తమిళనాడునుండి వచ్చిన సిస్టరుగారు ఒకరున్నారు. సీసాను ఆమెకు చూపించాను. పువ్వు చుట్టూ తీగ అనుకొన్న ఆ తెల్లని గీతలను ఆమె ఒక్క నిమిషంలో చదివేశారు. అవి తమిళ అక్షరాలు. ఒక మనిషి పేరు, ఒక ఊరి పేరు.

పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా చెప్పింది. “ప్రతి డిసెంబరులోను దీన్ని దించి తుడిచేవాడండీ. ఎవరిదయ్యా అంటే ‘మావాడిది’ అనేవాడు. మిలిటరీవాళ్లది అంటున్నాడని అనుకొన్నాను.”

ఆ తమిళ సైనికుడు యుద్ధంలో చనిపోయాడో, బ్రతికి ఇంటికి చేరాడో మాకు తెలియదు. ఇద్దరూ సీసాలు మార్చుకొన్నారో, ఒకరిది ఒకరి దగ్గర ఉండిపోయిందో కూడ తెలియదు. తెలిసినదల్లా ఒకటే. అమ్మాలా వద్దా అని అన్నదమ్ములు పోట్లాడుకొన్న వస్తువు వారి తండ్రిది కాదు. ఆయన దానికి కాపలా మాత్రమే ఉన్నాడు.

పాఠకులారా, ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నకు నేను జవాబు వెతికాను గాని, దానికి ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. అమ్మవచ్చునా అనడానికి ముందు, ఇది ఎవరిది అని అడగాలి. ఇంటిలోని ఒక్కొక్క పాతవస్తువును చేతిలోకి తీసుకొని ఈ ప్రశ్న వేసుకోండి. దాని కథ తెలిసిన పెద్దవారు ఉండగానే అడగండి. ఒక కాగితం మీద రాసి ఆ వస్తువుతోబాటు ఉంచండి. ఆ కథ తెలిసిన తరువాత అమ్మవలసివస్తే, తెలిసి అమ్మండి. ఇచ్చివేయవలసివస్తే ఇచ్చివేయండి. తెలియక పోగొట్టుకొన్నది మాత్రం ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆ నంబరు, పేరు, ఊరు రాసి ఉత్తరం పంపాము. జవాబుకోసం ఎదురుచూస్తున్నాము. సిస్టరుగారు తమిళంలో ఇంకొక ఉత్తరం రాసి ఆ ఊరి పంచాయతీకి పంపించారు. ఫీజు సంగతి అడుగుతారేమో. పెద్దకొడుకు సగం పంపించాడు. మిగిలిన సగం తమ్ముడు అప్పు చేసి కట్టాడు. మనుమరాలు తరగతులకు వెళుతోంది.

సీసా మళ్లీ అటక ఎక్కలేదు. హాలులో క్రీస్తుప్రభుని పటం కింద బల్లమీద ఉంది. మొన్న కలిసినప్పుడు పెద్దావిడ అన్నది, “మా ఆయన సీసా కూడ అరవదేశంలో ఎవరింట్లోనో ఉందేమోనండీ. దానిమీద తెలుగులో ఏం రాసుకొన్నాడో, వాళ్లకి చదివిపెట్టేవాళ్లు ఎవరైనా దొరికారో లేదో.”